అమ్మినా తరగని సరుకు

మహర్నవమి పొద్దున పుంగనూరు బజారంతా మామిడాకులతో, బంతిపూలతో కళకళలాడుతుంటే అంబికకు మాత్రం పండగలా లేదు. కారణం ఎదురుగానే ఉంది. ఏడాది పొడుగునా వెనకగదిలో, ఇత్తడి బిందెల చాటున, గోనెపట్టా కప్పుకుని బతికే కాపీ మిషన్‌ను ఆమె అత్త రుక్మిణమ్మ బయటికి తెప్పించి అంగడి ముంగిట పీట మీద నిలబెట్టింది. విభూతి పట్టెలు తీర్చింది, చందనం పూసింది, కుంకుమ బొట్లు పెట్టింది, మెడలాంటిది ఎక్కడుందో వెతికి అక్కడ దండ కూడా వేసింది. రోడ్డున పోయే ప్రతి మనిషికీ అది కొట్టొచ్చినట్టు కనపడుతోంది.

చూడ్డానికి అది నిలువుగా పెట్టిన రేకుపెట్టె. ముందువైపు ఒకదాని కింద ఒకటి అరలుంటాయి. పై అరలో కంప్యూటర్ గేమ్ ఉన్న అసలు డిస్కు పెట్టి, కింది అరల్లో ఖాళీ డిస్కులు పెట్టి మీట నొక్కితే, టీ తాగి వచ్చేలోగా అన్నింట్లోకీ ఆ గేమ్ ఎక్కేస్తుంది. చట్టం దాన్ని దొంగతనం అంటుంది. రుక్మిణమ్మ అక్షయపాత్ర అంటుంది. ఈ రెంటి మధ్యా నలిగేది అంబిక.

ఆ అంగడి అసలు పాత్రల అంగడి. మామ రామమూర్తి ఉన్నంతకాలం ఇత్తడీ, స్టీలూ తక్కెడలో తూచి అమ్మిన కుటుంబం. ఆయన పోయాక, స్టీలు బిందెలు బస్టాండు దగ్గర పెద్ద షోరూములో ఇంకా చవగ్గా దొరకడం మొదలయ్యాక, ఆయన కొడుకు, అంబిక భర్త, మధుసూదన్ సగం అంగడిని కంప్యూటర్ గేములకు ఇచ్చేశాడు. అంబిక డిగ్రీలో కంప్యూటర్ చదువుకున్నది కాబట్టి ఆ సగం ఆమె చేతికి వచ్చింది. అప్పటికి కంప్యూటర్లు ఊళ్ళోకి కొత్తగా వస్తున్న రోజులు, రెండువేల అయిదో ఆరో.

గేమ్ ఒక్కటే, ధరలు మాత్రం మూడు. బెంగుళూరు నుంచి రంగురంగుల డబ్బాలో వచ్చే ఒరిజినల్ వెయ్యికి ఒక్క రూపాయి తక్కువ. అది అద్దాల బీరువాలో అలంకారానికి ఉండేది. దుమ్ము దులపడమే గానీ అమ్మింది లేదు. కాపీ చేసిన డిస్కు డెబ్బై. చేతికి డిస్కే ఇవ్వకుండా, మనిషి తన కంప్యూటర్ పెట్టెను చంకన పెట్టుకుని వస్తే అందులోకి గేమ్ ఎక్కించి పంపడం ఇరవై. దాన్ని లోడింగ్ అనేవారు.

మొట్టమొదటిసారి లోడింగ్ చేసి ఇరవై రూపాయలు గల్లాలో వేసినప్పుడు రుక్మిణమ్మ వంగి బల్ల కింద కూడా చూసింది.

"వానికి ఏమిచ్చినావురా?" అని కొడుకును అడిగింది.

"గేమ్ ఇచ్చినామమ్మా."

"మన తావ ఇంగా ఉండాదా?"

"ఉండాది."

"ఇచ్చినా తరగలేదా?"

"తరగదమ్మా. ఎంతమందికిచ్చినా తరగదు."

తులం ఇత్తడి ఎక్కువ పోయిందని జీవితమంతా కుమిలిన మనిషి. అమ్మినా తరగని సరుకు ఈ లోకంలో ఉందని వినగానే మిషన్‌కు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండమే ఇప్పుడు కొంప మీదికి తెచ్చింది.

ఎందుకంటే దసరాకు ముందే కుప్పంలో ఒక సంగతి జరిగింది. బెంగుళూరు నుంచి రైల్లో ఒరిజినల్ డిస్కులూ, ఖాళీ డిస్కులూ తెచ్చి చుట్టుపక్కల ఊళ్ళకు సరఫరా చేసే పాపన్న అంగడి మీద పోలీసులు పడ్డారు. మధుసూదన్ ఆ రోజు సరుకు కోసం అక్కడికే వెళ్ళాడు. వీధి మొగదల జనాన్ని చూసి ఆగిపోయి, ఒక సోడాబండి చాటు నుంచి అంతా చూశాడు. డిస్కుల్ని రోడ్డు మీద పోసి బూట్లతో తొక్కారట. పాపన్నను లుంగీ మీదే జీపెక్కించారట. పాపన్న పెళ్ళాం జీపు వెనక కొంతదూరం పరుగెత్తి, కాలువగట్టున కూలబడిందట. మధుసూదన్ ఆ పూటే బస్సెక్కి వచ్చేసి, చెమటలు కక్కుతూ అంబికకు చెప్పాడు. చెప్పి అన్నం కూడా తినలేదు.

అప్పటినుంచీ అంబికకు కంటి మీద కునుకు లేదు. ఆయన్ను తీసుకుపోతారు, లుంగీ మీదే తీసుకుపోతారు, తనూ అలాగే వెనక పరుగెత్తాలి. ఈ ఒక్క బొమ్మే కళ్ళ ముందు తిరిగేది. మధుసూదన్ గట్టిగా మాట్లాడేవాడు కాదు, పోట్లాడేవాడు కాదు. అంగట్లో ఎవరైనా గద్దిస్తే నాలుక పొడారిపోయే మనిషి. స్టేషన్‌లో ఒక్క దెబ్బ కూడా తట్టుకోలేడని ఆమె భయం.

ఆ భయం పచ్చిగా ఉండగానే ఒక మనిషి వచ్చాడు. యాభై దాటిన వయసు, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, కాళ్ళకు నల్లబూట్లు. పుంగనూరులో బూట్లేసుకునేది బ్యాంకు వాళ్ళు, బడి అయ్యవార్లు, పోలీసులు. అప్పుడు మధుసూదన్ భోజనానికి వెళ్ళాడు, అంబిక ఒక్కతే ఉంది. ఆయన బీరువా ముందు నిలబడి ఒక డబ్బా చూపించాడు.

"ఇది ఎంతమ్మా?"

చెప్పింది.

"ఇదే గేము, డబ్బా లేకుండా అయితే?"

"డబ్బా లేకుండా అమ్మము సార్."

"అమ్ముతారంట గదమ్మా. డిస్కు గూడా లేకుండా ఎక్కిస్తారంట గదా, అది ఎంత?"

"మీకు ఎవరు సెప్పినారు సార్?"

ఆయన నవ్వాడు. "ఎవరో ఒకరు సెప్తారు లేమ్మా. నాకు తెలీక అడుగుతాండాను. గేము అదే. డబ్బాలో ఉంటే ఒక ధర, డిస్కులో ఉంటే ఒక ధర, చేతికి ఏమీ ఇయ్యకుంటే ఒక ధర. యాల ఇట్ల? చేతికి ఏమీ ఇయ్యనప్పుడు ఆ ఇరవై మాత్రం దేనికి?"

అంటే ఇరవై అని ఆయనకు ముందే తెలుసు. ఆయన అంగడినంతా ఒకసారి కలయజూసి, వెనకగది తలుపు దగ్గర చూపు కాసేపు ఆపి, వెళ్ళిపోయాడు.

మధుసూదన్ రాగానే చెప్పింది. అతను అంతా విని ఒక్కటే అడిగాడు.

"నా పేరు అడిగినాడా?"

"అడగలేదు."

అతను ఊపిరి వదిలాడు. బి.కొత్తకోటలో తన అక్క ఇంట్లో మిషన్‌ను దాచిపెడదామని అంబిక బతిమాలింది. పండగ కానీ, చూద్దాం అన్నాడు. ఆ పండగ ఇదిగో, ఇలా వచ్చింది.

పొద్దున మిషన్ బయటికి వస్తున్నప్పుడే అంబిక అడ్డం పడింది.

"అత్తా, లోపలే పెట్టి పూజ చేద్దాం. దేవునికి లోపలైనా కనపడతాది గదా."

"తక్కెడను ముందర పెట్టి, అన్నం పెట్టేదాన్ని వెనక దాస్తానా? తక్కెడకు తుప్పు పట్టి ఎన్ని దినాలయింది? మీ మామ ఉండేటప్పుడు మొదటి బొట్టు దానికి. ఇప్పుడు దీనికే."

"అమ్మా, పోలీసులు..." అని మధుసూదన్ నసిగాడు.

"పోలీసులు ఈ పొద్దు తుపాకులకు పూజ సేసుకుంటా ఉంటార్రా. నీ తావకు వచ్చేదానికి వాళ్ళకు తీరిక యాడిది?"

రోడ్డు మీద గుమ్మడికాయ కొట్టారు, కర్పూరం వెలిగించారు. హారతి అయిపోయాక ఇక చేసేదేమీ లేదు. పూజలో పెట్టిన పనిముట్టును దశమి పొద్దున మళ్ళీ కొబ్బరికాయ కొట్టేదాకా కదిలించకూడదు, వాడకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు, ఆ బజారు కట్టుబాటు. ఒక వారగా జరుపుదామని అంబిక చెయ్యి పెట్టబోతే రుక్మిణమ్మ చూసిన చూపుకు ఆ చెయ్యి వెనక్కి వచ్చేసింది. ముసలామె కుర్చీ వేసుకుని మిషన్ పక్కనే కూర్చుంది. ఒళ్ళో పళ్ళెం, పళ్ళెంలో బొరుగులు, బెల్లం, పప్పులు. వచ్చిన వాళ్ళకల్లా దోసెడు పెట్టి పంపుతోంది.

మధ్యాహ్నం దాకా అంబిక ప్రాణాలు రోడ్డు మీదే ఉన్నాయి. మోటారు చప్పుడైతే చాలు, ముందు మొగుడి ముఖం చూసేది, తర్వాత మిషన్ వైపు చూసేది.

అరటిపిలకలు కట్టుకుని, పూలదండలేసుకుని, స్టేషన్ జీపు వచ్చి సరిగ్గా అంగడి ముందే ఆగింది. మధుసూదన్ ఎక్కడున్నాడా అని అంబిక చూస్తే, బిందెల వరస వెనక వంగి ఏదో వెతుకుతున్నాడు. జీపులోంచి ఒక కానిస్టేబుల్ దిగి చెయ్యి చాపాడు. బొరుగుల కోసం. రుక్మిణమ్మ దోసెడు పోసింది. అతను నాలుగు నోట్లో వేసుకుని మిషన్ వైపు వంగి చూశాడు.

"ఇదేమి మిషనమ్మా, కొత్తగా ఉండాది?"

రుక్మిణమ్మ నోరు తెరిచేలోగా అంబిక అందుకుంది. "ఇడ్లీ స్టీమర్ సార్. హోటళ్ళకు. ఒక్కొక్క అరలో ఒక్కొక్క ప్లేటు."

"అంత సన్నని అరల్లో ఇడ్లీ ఎట్ల పొంగుతాదమ్మా?"

"పలచని ఇడ్లీ సార్. బెంగుళూరులో అదే తింటాండారు."

"వాళ్ళు ఏమన్నా తింటారు," అంటూ అతను జీపెక్కాడు. జీపు వెళ్ళిపోయాక అంబిక నేల మీద కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. రుక్మిణమ్మకు మాత్రం ముఖం మాడిపోయింది.

"పూజలో ఉండేదాని ముందర అబద్ధమా? ఇడ్లీ స్టీమరా అది? అన్నం పెట్టే తల్లిని పట్టుకుని అట్లంటే మనకు నిలుస్తాదా? ఇంగ ఎవరడిగినా నేనే సెప్తా. నువ్వు నోరు తెరస్తే సూడు."

"అత్తా, అది అబద్ధం కాదు, మీ కొడుకును కాపాడుకునేది."

"నా కొడుకును కాపాడేది ఈ తల్లే," అని ముసలామె ఇంకో కర్పూరం బిళ్ళ వెలిగించింది.

పొద్దు వాలుతుండగా బూట్ల చప్పుడు వినపడింది. అంబిక తల ఎత్తకముందే ఎవరో ఆమెకు తెలిసిపోయింది. ఆ రోజు వచ్చిన మనిషే. ఇప్పుడు చేతిలో ఒక తోలుసంచి కూడా ఉంది. ఆయన మెట్టు మీద ఆగి, దండలేసుకున్న మిషన్‌ను చూసి, దాని అరలన్నీ నిదానంగా చూసి, తల పంకించాడు.

"రాప్పా, కూసోప్పా," అని రుక్మిణమ్మ పీట వేయించింది. "ప్రసాదం తీసుకో."

"మంచిదమ్మా. ఇదేమి మిషన్?"

ముసలామె ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు మొదలుపెట్టింది. అసలు డిస్కు పైన పెడితే కింద పిల్లలు పుట్టినట్టు పుడతాయని చెప్పింది. డబ్బాలో ఉండేది ఎవరూ కొనరనీ, డిస్కులు డెబ్బైకి పోతాయనీ, డిస్కు కూడా లేకుండా ఎక్కించేదాంట్లోనే అంతా లాభమనీ చెప్పింది. కుప్పం పాపన్న పేరు చెప్పింది. రైలు చెప్పింది. అంబిక వెనకనుంచి కొంగు లాగింది, దగ్గింది, చివరికి గట్టిగా గిల్లింది కూడా. రుక్మిణమ్మ ఆ చేతిని విదిలించేసింది.

"చేతికి ఏమీ ఇయ్యరు గదమ్మా, ఆ ఇరవై దేనికి తీసుకుంటారు?" అన్నాడాయన, ఆ రోజు అడిగిందే.

"ఏమీ ఇయ్యకుండా ఎట్లప్పా? మా వాళ్ళు గుండె చేతిలో పెట్టుకుని చేస్తాండారు. దానికి."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. అదే నాకూ కావలసింది అన్నట్టు ముందుకు వంగాడు. "అయితే ఇది నడిపేది ఎవరమ్మా? రేపు ఏదైనా కేసయితే ఎవరి మీదికి వస్తాది?"

"ఇంగెవరప్పా, మా..."

"నేను సార్," అంది అంబిక.

అక్కడితో ఆగలేదు. ఆగితే అత్త నోట్లో ఉన్న పేరు బయటికి వచ్చేస్తుంది. "మిషన్ నాది. తెచ్చింది నేను, చేసేది నేను, అమ్మేది నేను. ఆయన గిన్నెలు అమ్ముకునే మనిషి. దాన్ని ఆన్ చేసేది గూడా ఆయనకు తెలీదు. ఏమన్నా ఉంటే నా పేరు రాసుకోండి సార్. అంబిక."

మధుసూదన్ అక్కడే ఉన్నాడు, చేతికందేంత దూరంలో, స్టీలు ప్లేట్ల దొంతర ముందు. అంబిక అతని వైపు చూసింది. కాదు అంటాడని భయపడింది. కాదు అనాలని లోపల ఎక్కడో ఆశపడింది కూడా. మిషన్ నాది సార్, ఆమెను ఏమీ అనొద్దండి అని ఒక్క మాట అంటే చాలు, ఆ తర్వాత ఏమైనా కానీ. అతను పై ప్లేటు తీసి, తుడిచి, మళ్ళీ దొంతర మీద పెట్టాడు. తల ఎత్తలేదు.

రుక్మిణమ్మ వైపు చూసింది. పూజలో ఉన్నదాని ముందు అబద్ధం చెప్పకూడదన్న నోరు మూతబడిపోయింది. ముసలామె పళ్ళెంలో బొరుగులు సర్దుతోంది.

వచ్చిన మనిషి ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటిగా చూశాడు. తోలుసంచి తెరిచాడు. అంబిక కళ్ళు మూసుకుంది. తెరిచి చూస్తే ఆయన సంచిలోంచి రెండు యాపిల్ పళ్ళు తీసి మిషన్ ముందు పెడుతున్నాడు.

"నా పేరు గంగాధరమమ్మా. మదనపల్లెలో టమోటా మండీ ఉండాది మాకు. మావాడు మండీలో కూసోనంటాడు. ఇట్లా గేముల అంగడి పెడతానంటాడు. నాకా, దీని తలా తోకా తెలీదు. బుట్ట టమోటాకు ఒక ధర ఉంటాది, అర్థమవుతాది. కంటికి కనపడని సరుకుకు ధర ఎట్ల కట్టేది? అది తెలుసుకుందామనే ఆ పొద్దు వచ్చింది. కుప్పంలో ఆ గలాటా విన్నాక నాకూ భయమేసింది. మావాడు ఒక్కడే కొడుకు. వాడు జైలుకు పోతే ఎట్ల అని."

ఆయన పళ్ళెంలోంచి కొన్ని బొరుగులు తీసుకున్నాడు.

"ఇప్పుడు మనసు నెమ్మదిగా ఉండాది. మీ ఇంట్లో తీరు బాగుండాది. నేనూ కోడలి పేరు మీదే పెట్టిస్తా."

ప్రసాదం కళ్ళకద్దుకుని, మదనపల్లె బస్సుకు వేళయిందని లేచాడు. పోతూ పోతూ అంబికతో ఎంతో మర్యాదగా, "ధైర్యం గల బిడ్డవమ్మా," అన్నాడు.

ఆయన బూట్ల చప్పుడు బజారులో కలిసిపోయాక మధుసూదన్ నవ్వడం మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళ భయమంతా వదిలిపోయిన నవ్వు. ప్లేట్ల మీద చేత్తో దరువేశాడు.

"టమోటా మండీ ఆయనంట. మనం సచ్చి బతికినాం. నువ్వు బాగా సెప్పినావు అంబికా."

అంబిక నవ్వలేదు. "ఆయన పోలీసాయన అయింటే?" అంది.

"కాదు గదా."

"అయింటే?"

అతను ప్లేటు తుడిచే గుడ్డను మడత పెట్టాడు. ఆమెను ఓదార్చాలనే అనుకున్నట్టుంది, గొంతు మెత్తగా చేసుకున్నాడు. "ఆడోళ్ళనయితే పొద్దు గుంకినాక స్టేషన్‌లో పెట్టుకోరంట. బెయిల్ గూడా తొందరగా ఇస్తారంట. చెయ్యి చేసుకోరు. భయపడేదానికేమీ లేదు. నేను లాయరును అడిగి కనుక్కున్నా లే."

"ఎప్పుడు కనుక్కున్నారు?"

"కుప్పం నుంచి వచ్చిన మర్నాడే," అన్నాడు. అన్నాక తనేమన్నదీ తనకే వినపడింది. చూపు మళ్ళీ ప్లేట్ల మీదికి పోయింది.

అంటే ఆ మర్నాడే. తను నిద్రపట్టక పక్కలో చెయ్యి చాపి ఆయన ఉన్నాడో లేడో అని తడుముకుంటున్న రోజుల్లోనే. మిషన్ దాచేద్దామని బతిమాలితే పండగ కానీ అన్నప్పుడు కూడా, ఆయనకు లెక్క తేలిపోయే ఉంది. ఇప్పటిదాకా ఆయన్ను ఎవరో వచ్చి తీసుకుపోతారని ఆమెకు భయం. ఇప్పుడు ఎవరూ రాకపోయినా, ఎవరూ తీసుకుపోకపోయినా, ఈ మనిషి పక్కనే కూర్చుని రేపు అంగడి తెరవాలంటే భయం. రోడ్డు మీద భయమైతే తలుపేసుకోవచ్చు. ఇది తలుపు లోపలే ఉంది.

"నన్ను అడిగింటే నేనే ఒప్పుకుంటా ఉంటిని గదా," అంది చిన్నగా. "నాకు సెప్పనైనా సెప్పలేదు."

దీపాల వేళయిందని రుక్మిణమ్మ లోపల్నుంచి పిలిచింది. మధుసూదన్ తుడిచిన ప్లేటునే మళ్ళీ తుడవసాగాడు.